పదిహేడు రసగుల్లాల బాకీ

పర్లాకిమిడి,
ఆదివారం, మధ్యాహ్నం (బయట ఒకటే వాన)

ఒరే పిల్లా,

అలా పిలిచానని అప్పుడే ముక్కు ఎర్ర చేసుకోకు. ఎందుకు పిలిచానో కాస్సేపట్లో నీకే తెలుస్తుంది. ముందు తిట్లు కానిచ్చేయ్. నీ ఉత్తరం సంక్రాంతి ముందు వచ్చింది. ఇప్పుడు రథయాత్ర కూడా అయిపోయింది. మధ్యలో మూడుసార్లు మొదలెట్టాను, మూడుసార్లూ "అందరం క్షేమం" దగ్గరే ఆగిపోయింది. క్షేమంగా ఉన్నవాడు రాయడానికి ఏముంటుంది చెప్పు? ఫోనులో చెప్పొచ్చు కదా అంటావ్. ఇది ఫోనులో చెప్పేది కాదు రా. సగం నీ నవ్వుకీ, సగం సిగ్నలుకీ పోతుంది.

ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తాను. పెద్దది ప్లస్ టూ పాసయింది. మేడ మీద రేకులు వేయించాం, వాన పడితే ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడదు, అదీ మంచికే. నాకు షుగరు బోర్డర్‌లో ఉందన్నాడు డాక్టరు. పుట్టింది బోర్డర్‌లో, పెరిగింది బోర్డర్‌లో, ఇదొక్కటీ ఎందుకు తప్పుతుంది డాక్టరుగారూ అన్నాను. ఆయన నవ్వలేదు. మీ చెల్లెలు అసలు నవ్వలేదు. అయిపోయాయి వార్తలు.

ఇప్పుడు విను. కోట వెనక సందులో రసగుల్లాలు చేసే మౌసా ఉన్నాడు రా!

ఉండడమే కాదు, మన బాకీ కూడా ఉంది.

నీలాద్రి బిజే రోజు ఇది. అదే, జగన్నాథుడు పిన్ని ఇంటినుంచి తిరిగొచ్చి గుళ్ళోకి వెళ్ళబోతే, తనని వదిలేసి అన్నని, చెల్లెల్ని వెంటేసుకుపోయాడని లక్ష్మమ్మ అలిగి తలుపేసుకునే రోజు. ఆయన రసగుల్లా ఇచ్చి బతిమాలుకుంటాడు. ఆ రోజు ఊళ్ళో ఏ మిఠాయి దుకాణం ముందు చూసినా బారే. మా ఇంట్లో కూడా ఒకావిడ రెండ్రోజుల్నించి మాట్లాడ్డం మానేసింది (రేకుల లెక్కలో తేడా, అది వేరే కథ). నాకూ రసగుల్లా అవసరమే అన్నమాట. బజార్లో బారు చూసి, వాన తప్పించుకుందామని కోట వెనక సందులోకి దూరాను. ఆ సందే. మనం ఇరవై ఎనిమిదేళ్ళుగా తొక్కని సందు.

నువ్వూ నేనూ ఎప్పుడూ దాని గురించి మాట్లాడుకోలేదు కదా. నీ పెళ్ళికి కూడా ఊరేగింపు అటు వెళ్తుందంటే నువ్వే బ్యాండువాళ్ళని ఇటు తిప్పించావ్. నేను చూశాన్లే.

దుకాణం ముందు భాగం ఇప్పుడు ఫోన్లు బాగుచేసే కొట్టు. పక్కనించి సన్నగా దారి. లోపల అదే మసిపట్టిన వసారా, అదే పెద్ద కడాయి. గోడ మీద 2019 జులైనాటి పేపరు ముక్క అంటించి ఉంది, ఒడిశా రసగొలాకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతానిదే అన్న ముద్ర, వచ్చిందని. బెంగాలీలకి 2017లోనే వచ్చిందని ఎవరన్నా గుర్తుచేస్తే మౌసా ఆ రోజంతా వాళ్ళకి బేరం చెయ్యడట. కడాయి దగ్గర ఒక కుర్రాడు. మూల చెక్కపీట ముందు మౌసా. చెక్క మీద ఛెనా పోసుకుని అరచేతి మడమతో ముందుకి తోస్తున్నాడు, లాక్కుంటున్నాడు, మళ్ళీ తోస్తున్నాడు. వేళ్ళు వంకర్లు పోయాయి రా. మడమ మాత్రం అదే. ఇరిగిన పాలలో రవ్వరవ్వగా ఉన్నదంతా ఆ తోపుడికి వెన్నముద్దలా నున్నగా అయిపోతోంది. చిటికెడు తీసి రెండు వేళ్ళ మధ్య నలిపి చూస్తాడు గుర్తుందా, గింజ తగిలితే తల అడ్డంగా ఊపి మళ్ళీ మొదలు. అదీ అలాగే.

"మౌసా, రసగొలా కేతే?" అన్నాను, ఎంత అని. అంతే అన్నాను.

చెయ్యి ఆగిపోయింది. తలెత్తలేదు. చూపు పెద్దగా ఆనడంలేదట. చెవితోనే చూస్తాడు. కాసేపాగి, "తు సెయి తెలుగు పిలా?" అన్నాడు, ఆ తెలుగు కుర్రాడివేనా అని.

ఒరే, నా కాళ్ళు నిజంగా పరిగెత్తబోయాయి. నలభై నాలుగేళ్ళవాణ్ణి. పిలా అనగానే నువ్వు గుర్తొచ్చావ్. "నేనేమన్నా పిల్లనా? మొగాణ్ణి!" అని పదో క్లాసులో ఆయన మీద లేచావు చూడు, ఆయనకి నీ కోపం ఎందుకో అర్థంకాక ఇంకో రసగుల్లా పెట్టాడు. ఆ తర్వాత నువ్వు కావాలని రోజూ కోప్పడేవాడివి. వెంటనే రెండో మాట, "ఆఉ గొటే కాహిఁ?" నిన్ను ఆవు అనలేదు, కంగారుపడకు. ఇంకొకడేడీ అంటున్నాడు.

బల్లార్షాలో ఉన్నాడు, పెళ్ళయింది, బొజ్జ కూడా వచ్చింది అని చెప్పాను. ఆయన మనవడి వైపు తిరిగి ఏదో అన్నాడు. వాడు లోపలికెళ్ళి ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి ఖాతా పుస్తకం తెచ్చాడు. చెదలు ఒక మూల తిన్నాయి. ఆ ఒక్క పేజీని మాత్రం తినలేదు, మన ఖర్మ. గుండ్రటి ఒడియా అక్షరాల్లో "తెలుగు పిలా దుయిటా", తెలుగు కుర్రాళ్ళు ఇద్దరు, అని రాసి, పక్కన రసగొలా 17. దానికి ఎదురుగా టంకా, అదే రూపాయలు, అని లేదు. ఆరిసా 17 అని ఉంది, డబ్బుకి బదులు మనం ఇస్తామన్న అరిసెలు. కొట్టేయలేదు.

నీకంతా గుర్తొచ్చే ఉంటుంది ఈపాటికి. నేను మర్చిపోలేదు గానీ, మర్చిపోయినట్టు బతకడం అలవాటు చేసుకున్నాను. 1997 సంక్రాంతి. మా అమ్మమ్మ అరిసెలు డబ్బాకెత్తి "మౌసాకి ఎంచి ఇచ్చి రండ్రా, దారిలో మూత తియ్యకండి" అంది. ఆ హార్లిక్స్ డబ్బా. మహేంద్రతనయ ఒడ్డున ఇసకలో కూచున్నాం. మూత ఎవరు తీశారన్నది ఈ ఉత్తరంలో తేలేది కాదు. (నువ్వే.) ఒకటి రుచి చూద్దామన్నాం. తర్వాత, పదహారు సరిసంఖ్య, పంచుకోడానికి వీలు అన్నావ్. లెక్కల్లో నీకు నూటికి ముప్పై అయిదు ఎలా వచ్చాయో ఆ రోజే తెలిసింది నాకు.

మనం ఏదో పిల్లచేష్ట అనుకున్నాం కదా. ఇక్కడ కొంచెం...

ఆ ఏడు మౌసా కోడలు కడుపుతో ఉందట. తెలుగువాళ్ళ అరిసె తినాలని మనసు పడిందట. మౌసా "పండక్కి పిలాలు తెస్తారు" అని చెప్పాడట. ఆ పిల్ల మూడ్రోజులు గుమ్మంలో కూచుని చూసిందట. ఆయన ఇది తిట్టినట్టు చెప్పలేదు రా. ఛెనా తోస్తూ, వానెప్పుడు తగ్గుతుందో అన్నట్టు చెప్పాడు. తిట్టినా బాగుండేది. ఇంతలో కడాయి దగ్గర కుర్రాడు గరిటె పట్టుకునే ఇటు తిరిగి, చక్కటి తెలుగులో, "అంటే నా అరిసెలు మీరే తినేశారా అంకుల్?" అన్నాడు. అప్పుడు కడుపులో ఉన్నది వీడే!

ఏం చెప్పమంటావ్. జేబులోంచి డబ్బు తీశాను. అప్పటి ధర, ఇప్పటి ధర, వడ్డీ, ఏదో లెక్క చెప్పబోయాను. "పైసా దరకార్ నాహిఁ," అన్నాడు మౌసా. "ఆరిసా ఆణ్." అరిసెలు తెమ్మంటున్నాడు. కొట్టులో కొన్నది కాదట. ఇంట్లో చేసింది. అమ్మమ్మ ఎలా ఉందని అడిగాడు. పోయి పదకొండేళ్ళయిందని చెప్పాను. ఛెనా మీద తడిగుడ్డ కప్పి, చేతులు తుడుచుకున్నాడు. కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత, "అయినా ఆణ్" అన్నాడు.

ఆషాఢంలో అరిసెలు! ఇంటికొచ్చి చెప్తే మీ చెల్లెలు రెండ్రోజుల మౌనం అక్కడికక్కడ విరమించింది, నన్ను తిట్టడానికి. (ఆ రకంగా రసగుల్లా ఖర్చు లేకుండా అలక తీరింది.) రాత్రి బియ్యం నానేశాం. పొద్దున్న వాడ్చి తీసుకెళ్తే, కరెంటు లేదని మరవాడు పొమ్మన్నాడు. కరెంటొచ్చాక మిక్సీలో విడతలు విడతలుగా ఆడి జల్లించాం. కిలో బియ్యానికి ముప్పావు కిలో అనకాపల్లి బెల్లం, అమ్మమ్మ లెక్కే. పాకం దగ్గర నన్ను కూచోబెట్టింది. పళ్ళెంలో నీళ్ళు పోసి చుక్క వేసి చూడడం నా పని. వేళ్ళతో దగ్గరికి తీస్తే ఉండలా నిలవాలి, నొక్కితే మెత్తగా ఉండాలి. నాకు ప్రతి చుక్కా ఉండలాగే కనపడింది రా. "వచ్చేసింది" అన్నాను. ఆవిడ నమ్మింది. పెళ్ళయిన పందొమ్మిదేళ్ళకి నా మాట నమ్మింది, అదీ ఈ విషయంలో.

మొదటి అరిసె నూనెలో పడగానే నాలుగు దిక్కులకీ వెళ్ళిపోయింది. రెండోది కూడా అంతే. మూకుడు నిండా బూందీలాంటిది తేలుతోంది. ఏమిటిదని పెద్దది అడిగితే, మీ నాన్న పాకం అంది వాళ్ళమ్మ.

వాసనకి పక్కింటి నాని వచ్చింది. ఒడియా ఆవిడ, మనకి అక్క వరస, ఆరిసా చెయ్యడంలో వీధికంతటికీ పెద్ద దిక్కు. పిండి చిటికెడు తీసి చూసి, ఏమీ అనకుండా కొంగు దోపింది. మిగతా ముద్దలో ఇంకాస్త పిండి కలిపి, నువ్వులు రెండువైపులా అద్ది, బొటనవేలంత మందాన తట్టి వేసింది. విడిపోలేదు. గోధుమరంగులో పొంగి తేలాయి. పదిహేడు ఎంచి డబ్బాకెత్తాం. హార్లిక్స్ డబ్బాకే. కావాలనే వెతికి తీశాను.

మర్నాడు సాయంత్రం తీసుకెళ్ళాను. మూత తియ్యకుండా! ఒడ్డు వైపు వెళ్ళకుండా, బజారు దారినే.

మౌసా ఒకటి తీసి పాత పేపరు మీద పెట్టాడు. తినలేదు. బొటనవేలితో ఒత్తాడు. తీసి, పేపరు వెలుతురు వైపు పట్టుకోమని మనవడికిచ్చాడు. అరిసె ఎంతుందో అంత వెడల్పున నూనె మరక, అవతలి అక్షరాలు కూడా కనపడుతున్నాయి. "నూనె పిండలేదు," అన్నాడు తెలుగులో. "మీ అమ్మమ్మ రెండు గరిటెల మధ్య పెట్టి పిండేది. పేపరు మీద పెడితే పేపరు పేపరులాగే ఉండేది." తర్వాత కొరికాడు. నెమ్మదిగా నమిలాడు. "బాగుంది. కానీ ఇది తెలుగు అరిసె కాదు. ఇది మా వాళ్ళ చెయ్యి."

ఒరే, దొరికిపోయాం! 1936లో మన ఊరు ఒడిశాలో కలిసింది కదా మౌసా, ఇంకా ఏది ఎవరిదని ఏం చూస్తావ్ అని అతితెలివి పోయాను. ఊరు కలిసింది, పాకం కలవలేదు అన్నాడు. మనవడు మూడు తిన్నాడు మాత్రం. ఇరవై ఎనిమిదేళ్ళ ఆలస్యం అన్నాడు, నాలుగోది వాళ్ళమ్మకి కాగితంలో చుట్టి పక్కన పెట్టాడు. ఆవిడ బరంపురంలో కూతురి దగ్గరుందట, వచ్చేవారం వస్తుంది. అప్పుడు నేను ఎక్కడ దాక్కోవాలో కూడా చెప్పు.

అసలు తీర్పు విను. మౌసా పుస్తకం తెప్పించి, ఇవాళ్టి పదిహేడూ వడ్డీ కింద జమ రాయించాడు. అసలు అలాగే ఉంది. పైగా నన్ను కూచోబెట్టి ఆకుదొన్నెలో నాలుగు రసగుల్లాలు వేశాడు. వేడివేడివి, పాకంలో ఎక్కువసేపు మరిగి లేత గోధుమరంగు తిరిగినవి. నాలిక మీద పెట్టి నొక్కితే చాలు, నమలక్కర్లేదు. నా షుగరు సంగతి చెప్పాను. వినపడనట్టు ఊరుకున్నాడు, చెవితో చూసేవాడు! తినేశాక మనవడు నవ్వుతూ ఆ నాలుగూ పుస్తకంలో ఎక్కించాడు. కాబట్టి ఇప్పుడు లెక్క ఇరవై ఒకటి. పాత పదిహేడులో సగం నీవి, అంటే ఎనిమిదిన్నర. నిజానికి నువ్వు తొమ్మిది తిన్నావ్, సరే వదిలేశాను.

షరతు ఒకటి పెట్టాడు. రెండో పిలా వస్తే గానీ పేజీ కొట్టెయ్యడట. సంక్రాంతికి రా. కొత్తబియ్యం ఉంటాయి. అమ్మమ్మ గరిటెలు రెండూ అటక మీద దొరికాయి, ఒకదానికి పిడి ఊడింది. పాకం నువ్వు చూడు, ఈసారి నా మాట ఇంట్లో ఎవరూ నమ్మరు. చెల్లెమ్మని కూడా తీసుకురా. మీ దగ్గర పురణ్ పోళీ అని మన బొబ్బట్టునే అమ్ముతున్నారని రాశావ్ కదా, అవి ఓ డజను పట్రా, మౌసా ముందు పెట్టి అవి ఎవరి చెయ్యో చెప్పమందాం. రైలు ఇప్పుడు పెద్దది, నౌపడా నించి ఆ బుల్లిరైలు వెనక పరిగెత్తి ఎక్కక్కర్లేదు. 2004లో అది ఆగిపోయినరోజు నువ్వు ఏడ్చావని ఎవరికీ చెప్పలేదు.

భాష బాలేదని అనకు. గిడుగువారు పాఠాలు చెప్పిన ఊళ్ళోవాణ్ణి, నోటికొచ్చినట్టు రాసే హక్కు నాకుంది.

ఇంకా కోట దగ్గర జరిగింది రాయాలి, ఆ బ్యాండు మేష్టారు మళ్ళీ కనపడి నీ గురించి... అమ్మో, మా బావమరిది చెప్పులేసుకున్నాడు. వాడు బల్లార్షా మీదుగానే వెళ్తున్నాడు, విశాఖలో రైలు మారాలట, ఆటో వచ్చేసింది. ఈ ఉత్తరమూ డబ్బా వాడి చేతికే ఇస్తున్నాను. డబ్బాలో నాని చేసినవి తొమ్మిది పెట్టాను. ఎంచుకో. తగ్గితే వాణ్ణి అడుగు, మూత తియ్యొద్దని చెప్పే పంపిం