ఆ పేజీలు నువ్వే రాయి చిన్నీ

చిన్నీ,

నా మెసేజ్‌లకి నీలం టిక్కులు పడుతున్నాయి గానీ జవాబు రావడం లేదు, అందుకే తీరిగ్గా ఈ మెయిల్ రాస్తున్నాను. నల్లకుంటలో అందరం బాగానే ఉన్నాం. నాన్న బీపీ మాత్ర వేళకి వేసుకుంటున్నారు, బామ్మ నీ గదిలోనే పడుకుంటోంది. మొన్న సరళ పిన్ని వచ్చినప్పుడు, నువ్వు ఎస్‌ఓపీని, అదే ఎంబీఏ అప్లికేషన్‌తో పంపే నీ గురించిన వ్యాసాన్ని, దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవరో కన్సల్టెన్సీ వాళ్లకి డబ్బులిచ్చి రాయించుకుంటున్నావని అంది. శ్రీను చెప్పాడట. నేను నమ్మలేదులే. అసలు రాయాలనుకున్న సంగతి వేరు.

నువ్వు పంపిన మొదటి డ్రాఫ్టు మళ్ళీ చదివాను. అందులో నీ ఉద్యోగం గురించి 'ఇట్ టాట్ మీ టు అనలైజ్ డేటా, మేనేజింగ్ ఎ టీమ్ అండ్ హౌ క్లయింట్స్ థింక్' అని ఉంది చూడు, మూడు పనులు మూడు రకాలుగా నిలబడ్డాయి. 'టు అనలైజ్ డేటా, మేనేజ్ ఎ టీమ్ అండ్ అండర్‌స్టాండ్ క్లయింట్స్' అంటే సరిపోతుంది. ఇదేం బ్రహ్మవిద్య కాదు. 'దానికి పాడటం, ఈదటం, వంట చేయాలని ఇష్టం' అని ఎవరైనా అంటే నీకు చెవిలో గుచ్చుకోదూ? ఇంగ్లీషులోనూ అలాగే బయటికి చదువు, తెలిసిపోతుంది. 'నాట్ ఓన్లీ' పక్కన ఏది పెడితే 'బట్ ఆల్సో' పక్కనా అదే రకం మాట రావాలి: 'ఐ లర్న్‌డ్ నాట్ ఓన్లీ కోడింగ్ బట్ ఆల్సో బిజినెస్'. నువ్వు 'నాట్ ఓన్లీ'ని తీసుకెళ్ళి వాక్యం మొదట్లో పెట్టేశావు.

ఇక ఇడియమ్స్. 'డిస్కస్' తర్వాత 'అబౌట్' వద్దు. 'ప్రిఫర్' పక్కన 'దాన్' కాదు, 'టు'. 'లుక్ ఫార్వర్డ్ టు జాయిన్' కాదు, 'జాయినింగ్'. వీటికి లాజిక్ వెతక్కు, వాడగా వాడగా పట్టుబడతాయి. ఎంబీఏ ఎంట్రన్స్ జీమ్యాట్‌లో ఇప్పుడివన్నీ లేవమ్మా అన్నావు. నిజమే, 2023 నవంబరులో కొత్త పరీక్ష తెచ్చినప్పుడు సెంటెన్స్ కరెక్షన్ తీసేశారు, వ్యాసమూ తీసేశారు. అయినా నీ అప్లికేషన్ చదివేవాళ్ళు వాక్యాలు చూడకుండా వదిలేస్తారా? అందుకని భయపడి ఇంకొకళ్ళ చేత రాయించుకోవాల్సినంత తప్పులు మాత్రం నీ డ్రాఫ్టులో లేవు.

శేషు మావయ్య సంగతి నీకు పూర్తిగా తెలియదు. ఐటీఐ అయ్యాక బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీకి అప్లై చేస్తూ, తను రాసుకున్న కాగితం పక్కన పెట్టి, నారాయణగూడలో ఒక టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆయన చేత ఉత్తరం రాయించుకున్నాడు. మంచి బాండ్ పేపరు మీద, పెద్ద పెద్ద మాటలతో. అందులో 'ఐ హావ్ బర్న్‌డ్ ద మిడ్‌నైట్ ఆయిల్' అని ఒక వాక్యం, రాత్రిళ్ళు మేలుకుని కష్టపడ్డానని దాని అర్థం. ఇంటర్వ్యూలో పెద్దాయన మర్యాదగానే, రాత్రిళ్ళు అంతగా ఏం చదివావు బాబూ అని ఆ వాక్యం చూపించి అడిగితే, వీడికి అర్థంగాక మా ఇంట్లో కరెంటు ఉంది సార్ అన్నాడు. గదిలో అందరూ నవ్వారట. ఉద్యోగం రాలేదు సరే, ఆ తర్వాత చాలా ఏళ్ళు నలుగురిలో ఇంగ్లీషులో నోరు విప్పలేదు. ఉప్పల్ ఇల్లు ఖాళీ చేసినప్పుడు ట్రంకుపెట్టెలో వాడు మొదట రాసుకున్న కాగితం దొరికింది. 'ఐ కెన్ రిపేర్ మోటార్స్, రీవైండింగ్ అండ్ ఐ యామ్ టెస్టింగ్' అని ఉంది. 'ఐ కెన్ రిపేర్, రీవైండ్ అండ్ టెస్ట్ మోటార్స్'. అంతే చిన్నీ, రెండు నిమిషాల పని. ఆ ఫ్యాక్టరీకి కావలసిందంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది, వాడి చేతికి వచ్చిన పనే అది, ఎవరు ఎటునుంచి అడిగినా చెప్పగలిగేవాడు.

నిన్ను కూడా ఇంటర్వ్యూకి పిలుస్తారు కదా. అందుకే గుర్తొచ్చింది.

లెక్చర్ వద్దనుకున్నాను గానీ ఇంత పొడుగైంది. పొద్దున టిఫిన్ తింటున్నావా? వానల్లో బండి మీద ఆఫీసుకి వెళ్ళకు, క్యాబ్ డబ్బులు నేను వేస్తాను. శనివారం శ్రీను పుణె వస్తున్నాడు, కందిపొడి, గోంగూర పచ్చడి, నువ్వు మర్చిపోయిన స్వెటర్ పంపిస్తున్నాను. సీసా మూత గట్టిగా పెట్టు, తడి స్పూను పెట్టకు.

సూటిగానే అడుగుతున్నాను, రాయిస్తున్నావా లేదా? డబ్బు కట్టేసి ఉంటే పోనీ, నాన్నకి చెప్పను. నీ డ్రాఫ్టు ఎలా ఉంటే అలా పంపు. ఆదివారం మధ్యాహ్నం వీడియో కాల్‌లో కూర్చుని వాక్యం వాక్యం చూద్దాం, మూడింటికి ఖాళీగా ఉంటావా?

అమ్మ