డెన్వర్ పెద్దాయనకు వేల దండాలు

డాలస్ దగ్గర ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ చుట్టుపక్కల మనవాళ్లందరికీ నమస్కారం. గొంతు పూర్తిగా పోయింది, రాత్రి కన్ను మూతపడలేదు, తప్పులుంటే సర్దుకోండి.

నిన్న, 2025 మే 3 రాత్రి, ఐస్ హాకీ ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ పోటీల్లో) మన డాలస్ స్టార్స్‌కీ కొలరాడో అవలాంచ్‌కీ ఏడో మ్యాచ్, అంటే సిరీస్ తేల్చే ఆఖరి మ్యాచ్. చివరిదైన మూడో పీరియడ్‌లో 0-2తో వెనకబడి 4-2తో గెలిచాం. టీవీలో మీరూ చూసే ఉంటారు. నేను మాత్రం లోపల కూర్చుని చూశాను, అదీ ముక్కూ మొహం తెలియని ఒక పెద్దాయన పుణ్యాన. కొలరాడో జట్టు సొంతూరు డెన్వర్ నుంచి వచ్చారు. ఒంటిమీద కొలరాడో ముదురెరుపు జెర్సీ, వీపున 96, దాని పైన రాంటనెన్ పేరు.

హాకీ కొత్తగా చూస్తున్నవాళ్లకు ఆ జెర్సీ కథ చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఫిన్లాండ్ ఆటగాడు మిక్కో రాంటనెన్‌ని కొలరాడో 2015 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే చోట) పదో స్థానంలో తీసుకుంది. 2022లో లీగ్ ట్రోఫీ స్టాన్లీ కప్ గెలిచినప్పుడు జట్టు స్టార్ నేథన్ మెకినన్ పక్కన ఆడింది ఇతనే. ఈ సీజన్‌తో ఒప్పందం అయిపోతోంది, కొత్త జీతం దగ్గర బేరం తెగలేదు. వేసవిలో ఊరికే పోగొట్టుకోవడం కంటే ముందే ఏదో ఒకటి రాబట్టుకుందామని జనవరి 24న కరోలినా జట్టుకు ట్రేడ్ చేసేశారు. బదులుగా మార్టిన్ నెచస్, జాక్ డ్రూరీ, డ్రాఫ్ట్ పిక్‌లు (డ్రాఫ్ట్‌లో ఎంచుకునే వంతులు) వచ్చాయి. మధ్యలో షికాగో జట్టు దూరి అతని జీతంలో సగం తన లెక్కలో వేసుకుంది. కరోలినాలో 13 మ్యాచ్‌లాడి రెండే గోల్స్ కొట్టాడు, దీర్ఘకాల ఒప్పందానికి ఒప్పుకోలేదు. ట్రేడ్ గడువు మార్చి 7, మన టైములో మధ్యాహ్నం 2 గంటలు. ఆ రోజే మనవాళ్లు పట్టేశారు. మన కుర్రాడు లోగన్ స్టాంకోవెన్, షరతులతో రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, రెండు థర్డ్ రౌండ్ పిక్‌లు ఇచ్చి తెచ్చుకుని, వెంటనే 8 ఏళ్లకు 9.6 కోట్ల డాలర్ల ఒప్పందం రాయించుకున్నారు.

ఇంత జీతగాణ్ణి సీజన్ మధ్యలో ఎక్కడ ఇరికించారని చాలామంది అడిగారు. జీతాల పరిమితి ఈ 2024-25 సీజన్‌లో జట్టుకు 8.8 కోట్ల డాలర్లు. రాంటనెన్ పాత ఒప్పందం లెక్క 92.5 లక్షలు. అందులో సగం షికాగో ఖాతాలో ఉంది కాబట్టి మన వాటా 46.25 లక్షలే. దానికి చోటు మన ఆటగాడు టైలర్ సేగిన్ వల్ల దొరికింది. తుంటి ఆపరేషన్‌తో అతను లాంగ్ టర్మ్ ఇంజరీ రిజర్వ్‌లోకి, అంటే చాలాకాలం ఆడలేనివాళ్ల జాబితాలోకి వెళ్లాడు. 2024-25 రూలు ప్రకారం అక్కడికి వెళ్లినవాడి జీతం లెక్కలోంచి పోయేది కాదు, కానీ ఆ మేరకు జట్టు పరిమితి దాటి ఖర్చు పెట్టుకునే వీలుండేది. సేగిన్ లెక్క 98.5 లక్షలు. కొత్త 1.2 కోట్ల లెక్క వచ్చే సీజన్ నుంచి మొదలవుతుంది, అసలు తలనొప్పి అప్పుడుంది. స్టాంకోవెన్ పోయాడన్న బాధ నాకింకా తీరలేదు, అది వేరే సంగతి.

ఇక పెద్దాయన దగ్గరికి వస్తాను. రీసేల్‌లో (ఒకరు కొన్నది మళ్లీ అమ్మే యాప్‌లో) కొన్న నా టికెట్‌ని అమ్మినవాడు చివరిదాకా పంపనే లేదు. ఆ కంపెనీ "డబ్బు వాపసు చేస్తాం" అని ఒక మెసేజ్ పడేసి చేతులు దులుపుకుంది. స్టేడియం దగ్గరి విక్టరీ రైలు స్టేషన్ పక్కన జనంలో నిలబడి ఉంటే ఈయన వచ్చి, తన తోడుగా రావాల్సినవాళ్లు ఆగిపోయారని, ఒక టికెట్ మిగిలిందని చెప్పారు. ఎంతకు కొన్నారో అంతే అడిగారు. అదే వరస సీటు యాప్‌లో ఎన్ని రెట్లు పలుకుతోందో అక్కడున్న అందరికీ తెలుసు.

అక్కడే అసలు చిక్కు. టికెట్ ట్రాన్స్‌ఫర్ చేస్తే అవతలివాళ్లకు ఈమెయిల్‌లో లింకు వస్తుంది. అదే ఈమెయిల్‌తో లాగిన్ అయ్యి యాక్సెప్ట్ నొక్కేదాకా పంపినవాళ్లు వెనక్కి లాక్కోవచ్చు. నొక్కాక మాత్రం వాళ్ల ఫోన్‌లోంచి టికెట్ మాయం. బార్‌కోడ్ కొన్ని క్షణాలకోసారి మారుతూ ఉంటుంది, స్క్రీన్‌షాట్ గేటు దగ్గర చెల్లదు. ముందు డబ్బు కొట్టినవాడు మోసపోవచ్చు, ముందు టికెట్ పంపినవాడూ మోసపోవచ్చు. కొత్తవాళ్ల మధ్య ఈ బేరాలు సగం ఇక్కడే చెడతాయి. ఈయన ముందు టికెట్టే పంపేశారు. డబ్బు సంగతి లోపల కూర్చున్నాక చూసుకుందాం అన్నారు. జనం ఎక్కువై నెట్‌వర్క్ పాకుతుంటే, నా ఫోన్‌లో లింకు తెరుచుకుని, టికెట్ వాలెట్‌లో చేరేదాకా తను లోపలికి వెళ్లకుండా పక్కనే నిలబడ్డారు. నేనేమో డాలస్ ఆకుపచ్చ జెర్సీలో ఉన్నాను! గేటు దాటాక కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోను.

ఆయన ఆట తెలిసిన మనిషి. రెండో విరామంలో చుట్టూ ఉన్న కుర్రాళ్లు ఆ జెర్సీ చూసి ఆటపట్టిస్తుంటే, కోపం లేకుండా 2020 సంగతి ఎత్తారు. అదీ ఏడో మ్యాచే, ఇవే రెండు జట్లు, కోవిడ్ రోజులు కాబట్టి ఎడ్మంటన్‌లో ఖాళీ స్టాండ్ల మధ్య సెప్టెంబర్ 4న. డాలస్‌లో ఆండ్రూ కాగ్లియానో ఆడలేని పరిస్థితి. అతని బదులు జోయెల్ కివిరాంటా అనే కుర్రాణ్ణి దింపారు. ఇతనూ ఫిన్లాండ్ వాడే, డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ ఎంచుకోని ఆటగాడు. హ్యాట్రిక్ (ఒకే మ్యాచ్‌లో మూడు గోల్స్) కొట్టాడు, ఓవర్‌టైమ్ గోల్ కూడా అతనిదే, 5-4. ఒకరికి దెబ్బ తగలడం ఇంకొకరికి అదృష్టం తలుపు తెరవడం ఇదే. తర్వాత ఆ కివిరాంటానే కొలరాడోకు వచ్చాడు. "మాకు ఫిన్లాండ్ వాళ్లతో ఏదో బాకీ ఉంది" అని నవ్వారాయన. మూడో పీరియడ్ ఇంకా మొదలవలేదు అప్పటికి.

తర్వాత జరిగింది మీకు తెలుసు. మొదటి నాలుగు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కొట్టని రాంటనెన్ ఒక్క పీరియడ్‌లో మూడు కొట్టాడు. రెండు కొట్టి సమం చేశాడు, వయట్ జాన్‌స్టన్ కొట్టిన గెలుపు గోల్‌లోనూ చేయి వేశాడు, చివర్లో అవతలివాళ్ల గోలీ లేని ఖాళీ నెట్‌లో మూడోది వేశాడు. ఏడో మ్యాచ్ మూడో పీరియడ్‌లో హ్యాట్రిక్ ఎన్‌హెచ్‌ఎల్ (ఈ హాకీ లీగ్) చరిత్రలో ఇదే మొదటిది. అదీ మన ముఖ్య ఆటగాళ్లు జేసన్ రాబర్ట్‌సన్, మీరో హైస్కనెన్ ఇద్దరూ లేని జట్టుతో.

హ్యాట్రిక్ కొడితే అభిమానులు టోపీలు విసరడం ఆనవాయితీ. ఆ టోపీలు మంచుమీద పడుతుంటే పెద్దాయన తన టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు. విసరలేదు, నెత్తిన పెట్టుకోలేదు. నా భుజం తట్టి "మంచివాడు, బాగా చూసుకోండి" అన్నారు. అప్పగింతల వేళ పిల్ల తండ్రి మాట అలాగే ఉంటుంది. బదులేం చెప్పాలో నోట మాట రాలేదు.

సార్, ఇది మీదాకా చేరదని తెలుసు. అయినా మీకు వేల దండాలు.

ఒక్క మాట అనకుండా ఉండలేను. ఒక ముసలాయన దారిన పోయేవాణ్ణి నమ్మి టికెట్ ఇవ్వగలిగాడు, ఇంత పెద్ద రీసేల్ వ్యవస్థ మాత్రం టికెట్ చేతిలో లేనివాడికి అమ్మకానికి పెట్టే వీలిస్తుంది, రెండు వైపులా ఫీజు గుంజుతుంది. ఇంజరీ రిజర్వ్ సంగతి కూడా అంతే. 2024-25 సీజన్ దాకా ప్లేఆఫ్స్‌లో జీతాల పరిమితి వర్తించలేదు. 2021లో టాంపా బే జట్టు తన స్టార్ నికిటా కుచెరోవ్‌ని రెగ్యులర్ సీజన్ అంతా ఇంజరీ రిజర్వ్‌లో కూర్చోబెట్టి, ప్లేఆఫ్స్‌లో దింపి కప్ కొట్టింది. ఇప్పుడు సేగిన్ విషయంలో మన జట్టూ అదే గొడుగు కింద నిలబడింది కాబట్టి గట్టిగా అరిచే మొహం నాకు లేదు.

ఇంట్లోవాళ్లకు థాంక్స్, వాళ్లకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

అయ్యో, మర్చిపోయాను. స్టేషన్‌లో పవర్ బ్యాంక్ ఇచ్చిన గుంటూరు తమ్ముడు, నీ ఛార్జ్ లేకపోతే ఆ లింకు తెరుచుకునేదే కాదు. మా సెక్షన్ దగ్గర ఆట ఆగేదాకా మెట్ల మీద నిలబెట్టి, ఆగగానే సీటు చూపించిన పెద్దావిడకూ థాంక్స్. ఇంకా, ఆ ఆకుపచ్చ జెర్సీ పక్కింటి రెడ్డిగారిది. ఉతికి ఇస్తానండీ, విన్నిపెగ్, సెయింట్ లూయిస్‌ల ఏడో మ్యాచ్ ఇవాళే, మన మీదకి తర్వాత ఎవరు వస్తారో తేలాక మళ్లీ అడుగుతాను.