ఓసీఐ కార్డుని ద్వంద్వ పౌరసత్వం అనకండి

సంపాదకులు గారికి,

మనవాళ్లకు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పౌరసత్వం వచ్చిందని రాసేటప్పుడు 'ఇక ద్వంద్వ పౌరసత్వం' అని ఒక ముక్క తగిలించడం పత్రికలకూ టీవీలకూ అలవాటైపోయింది. దయచేసి ఆ ముక్క మానండి. మన దేశంలో ద్వంద్వ పౌరసత్వం లేదు. ఇష్టపూర్వకంగా వేరే దేశ పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం పోతుందని రాజ్యాంగం 9వ అధికరణం, 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ రెండూ చెబుతున్నాయి. ఎవరూ రద్దు చేయనక్కర్లేదు, ఏ ఉత్తర్వూ రానక్కర్లేదు. అక్కడ పౌరసత్వ ప్రమాణం చేసిన రోజే ఇక్కడి లెక్క ముగుస్తుంది.

అలా విదేశీ పౌరులైన మనవాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు పేరులోనే తిరకాసు ఉంది లెండి. 'ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా' అంటే వినేవాళ్లు పౌరుడనే అనుకుంటారు. 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో ఈ కార్డులు మొదలయ్యాయి. 2015లో చట్టాన్ని సవరించి 'కార్డుదారు' అన్న మాట చేర్చినా జనం నోట పాత పేరే నిలిచిపోయింది. అసలు సంగతి ఏమిటంటే, అది జీవితకాల వీసా. ఎన్నిసార్లయినా రావచ్చు, ఎన్నాళ్లయినా ఉండొచ్చు, ఇల్లు కొనుక్కోవచ్చు. ఓటు లేదు, ఎన్నికల్లో పోటీ లేదు, మామూలుగా ప్రభుత్వోద్యోగం లేదు.

ఈ పొరపాటు ఖరీదు ఊళ్లలో కనిపిస్తుంది. అబ్బాయి అమెరికా పౌరుడై పదేళ్లయినా ఊరి ఓటర్ల జాబితాలో పేరు అలాగే ఉంటుంది. ఫారం 7 ఇచ్చి తీయించుకోవాలని ఇంట్లో ఎవరికీ తోచదు. భారత పాస్‌పోర్టుతో విదేశాల్లో ఉన్న ఎన్నారైకి ఫారం 6ఏతో ఓటు ఉంటుంది, ఓసీఐకి ఉండదు. ఈ రెండూ కలిపేసి రాసేవాళ్లే ఎక్కువ. వేములవాడ మాజీ శాసనసభ్యుడు జర్మనీ పౌరుడేనని 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు తేల్చి, రూ.30 లక్షలు కట్టమన్న సంగతి మీరే రాశారు. శాసనసభ దాకా వెళ్లిన విషయంలోనే ఇంత గందరగోళం ఉంటే పల్లె సంగతి చెప్పాలా?

పొలం దగ్గర ఇంకా పెద్ద తప్పు జరుగుతోంది. ఓసీఐ కార్డుదారులు ఫ్లాటు కొనొచ్చు, ఇళ్ల స్థలం కొనొచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనరాదు. ఎన్నారైకీ ఇదే నిబంధన. తండ్రి నుంచి వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు, అమ్మితే మాత్రం ఇక్కడ నివసించే భారత పౌరుడికే అమ్మాలి. రిజిస్ట్రేషన్ అయిపోయింది కాబట్టి అంతా సరిగ్గానే ఉందనుకుంటారు. విదేశీ మారకద్రవ్య వ్యవహారాల చట్టం ఫెమా కింద లావాదేవీ విలువకు మూడు రెట్ల దాకా జరిమానా పడొచ్చు. 'ద్వంద్వ పౌరసత్వం ఉందిగా' అన్న ఒక్క మాట నమ్మి చేసే కొనుగోళ్లివి.

పాస్‌పోర్టు సంగతికి వస్తే, ప్రమాణం తర్వాత భారత పాస్‌పోర్టు మీద ప్రయాణం చేయకూడదు, గడువు ఇంకా అయిదేళ్లున్నా సరే. కొత్త దేశం పాస్‌పోర్టు తీసుకోవాలి, పాతది అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ పొందాలి, ఆ తర్వాతే ఓసీఐకి దరఖాస్తు. రుసుము విదేశాల్లో 275 డాలర్లు, ఇక్కడైతే రూ.15,000. చాలామంది మరిచేది పిల్లల్ని. ఇండియాలో పుట్టి గ్రీన్‌కార్డుతో అక్కడ తల్లిదండ్రుల దగ్గరే ఉంటున్న 18 ఏళ్ల లోపు పిల్లలకు, తల్లికో తండ్రికో అమెరికా పౌరసత్వం వస్తే దానంతటదే వచ్చేస్తుంది. వాళ్ల భారత పాస్‌పోర్టులూ అప్పగించాలి.

దరఖాస్తులు ఎక్కువగా ఇరుక్కునేది పేర్ల దగ్గర. మన తెలుగువాళ్లకిది ప్రత్యేకమైన జబ్బు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, ఇంటిపేరుతో సహా మొత్తం పేరును రెండో గడిలో రాసేస్తారు. అమెరికా వీసాలో ఆ మొత్తం పేరూ ఇంటిపేరు కిందకు పోయి, అసలు పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్‌ఎన్‌యూ' అని పడుతుంది. 'మొదటి పేరు తెలియదు' అని దానర్థం. పదిహేనేళ్లు అలా బతికి, పౌరసత్వం వచ్చేటప్పుడు పేరు సరిచేయించుకుంటారు. ఇక పాత పాస్‌పోర్టు ఒక పేరు, కొత్తది ఇంకో పేరు, పిల్లల జనన పత్రంలో తల్లిదండ్రుల పేర్లు మూడో రకం. పేరు మార్పు పత్రం జత చేయకపోతే ఓసీఐ ఫైలు కదలదు. ఇక్కడినుంచి బయల్దేరకముందే పాస్‌పోర్టు రీఇష్యూలో రెండు గడులూ సరిగ్గా నింపుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

కార్డు వచ్చాక, 20 ఏళ్ల వయసు నిండేవరకు పాస్‌పోర్టు మారినప్పుడల్లా మూడు నెలల్లోగా కొత్త పాస్‌పోర్టు కాపీ, ఫొటో ఆన్‌లైన్‌లో పెట్టాలి. 20 నిండకముందే కార్డు తీసుకున్నవాళ్లు 20 నిండాక వచ్చే మొదటి పాస్‌పోర్టుకు కార్డే మార్చుకోవాలి. 50 దాటాక ఇంకోసారి ఆన్‌లైన్ పని. ఈ ఆన్‌లైన్ పని ఉచితం, బ్రోకర్‌కు డబ్బులివ్వకండి. నీట్ రాసే పిల్లల తల్లిదండ్రులకు ఇంకో మాట: 2021 మార్చి 4 నోటిఫికేషన్ ఓసీఐ విద్యార్థులను ఎన్నారై సీట్లకే పరిమితం చేసింది. అది ఆ తేదీ తర్వాత విదేశంలో పుట్టినవారికే వర్తిస్తుందని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

'మరి మా మూలాల మాటేమిటి' అని అడుగుతారు ప్రవాసులు. న్యాయమైన ప్రశ్నే, కాని దానికి జవాబు పౌరసత్వంలో వెతకనక్కర్లేదు. మారిషస్ తెలుగువాళ్లను చూడండి. 19వ శతాబ్దంలో కూలీలుగా ఓడెక్కి వెళ్లినవాళ్ల సంతతి, భారత పాస్‌పోర్టు ఎన్నడూ చూడని కుటుంబాలు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. ఓసీఐ మామూలుగా మునిమనవల వరకే వస్తుంది. మారిషస్‌లోని భారత సంతతికి ఏడో తరం దాకా ఇస్తామని 2024 మార్చిలో రాష్ట్రపతి అక్కడే ప్రకటించారు. అంత వెనక్కి వెళ్లి రుజువు చూపాలంటే మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న వలస రిజిస్టర్లే దిక్కు. ఆ రోజు ఓడ దిగినప్పుడు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసిన పేర్లవి. అక్కడా పేర్ల గొడవే!

మీరు చేయగలిగింది చిన్నది. వార్తలో 'ఓసీఐ కార్డు' అని రాసి, ఓటు లేదు, పొలం కొనరాదు అని పక్కన రెండు ముక్కలు చేర్చండి. ఆ పక్క కాలమ్‌లో భూముల ప్రకటనలు వస్తుంటాయి కదా, 'ఎన్నారైలకు ప్రత్యేక ఆఫర్, అర ఎకరం ఫామ్‌ల్యాండ్' అంటూ. వాటి మీదా ఒక కన్నేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు, గుంటూరు