నాన్నకు, మా పెరటి నీళ్ల సంగతి

లాస్ ఏంజెలెస్
11 సెప్టెంబరు 2022

నాన్నా,

నమస్కారం. మొన్న వీడియో కాల్‌లో మా ముందు గడ్డి చూసి మీరు మాట్లాడటం మానేశారు. తర్వాత అమ్మతో "ఇంటిని పాడుపెట్టుకుంటున్నారు" అన్నది కూడా నాకు వినపడింది. ఫోన్‌లో జవాబు చెప్పబోతే "సరేలే, ఉంటా" అని అమ్మ చేతికి ఇచ్చేస్తారు. అందుకే కూర్చుని రాస్తున్నాను. కళ్లజోడు పెట్టుకుని నిదానంగా చదవండి.

ముందు మీరిద్దరూ భయపడుతున్న విషయాలు చెప్పేస్తాను. తాగే నీళ్లకూ స్నానాలకూ ఏ లోటూ లేదు. ఎప్పుడు కుళాయి తిప్పినా వస్తున్నాయి. మా వీధిలో ఆంక్షలన్నీ ఇంటి బయట పోసే నీళ్ల మీదే. అమ్మ టీవీలో చూసిన మంటలు హేమెట్ వైపువి, మాకు చాలా దూరం. ఎండలు మాత్రం నిజమే. ఈ మధ్య మా వైపు 110 డిగ్రీలు దాటింది, మీ లెక్కలో 43 పైనే. 6వ తేదీ సాయంత్రం కరెంటు తగ్గించి వాడమని ఫోన్లకు మెసేజ్ వచ్చింది. మా ఇంట్లో కరెంటు పోలేదు. పాపను సాయంత్రం దాకా బయటికి పోనివ్వలేదు, బాగానే ఉంది, బాగానే తింటోంది. ఆఫీసు మామూలే. మీ అల్లుడుగారికి పని ఎక్కువగా ఉంది, అంతకుమించి ఏమీ లేదు.

ఇక గడ్డి. అది నిర్లక్ష్యం కాదు నాన్నా. తెలిసే ఎండనిచ్చాం.

జూన్ 1 నుంచి మా ఊళ్లో వారానికి రెండు రోజులే తడి. ఇంటి నంబరు బేసి అయితే సోమ, శుక్రవారాలు. సరి అయితే గురు, ఆదివారాలు. మాది సరి. ఆ రెండు రోజుల్లో కూడా మామూలు స్ప్రింక్లర్లు ఒక్కో లైనుకు 8 నిమిషాలే తిరగాలి. పొద్దున 9 నుంచి సాయంత్రం 4 దాకా అసలు పెట్టకూడదు, ఆ ఎండలో కొన్ని నీళ్లు గాల్లోనే ఆరిపోతాయి కాబట్టి. నీళ్లు పారి రోడ్డెక్కకూడదు. వాన పడితే 48 గంటల దాకా ముట్టుకోకూడదు. వాకిలి, ఫుట్‌పాత్ పైపుతో కడగకూడదు. మీరు వచ్చినప్పుడు పొద్దున్నే పైపు పట్టుకుని వాకిలి కడగబోతే నేను వచ్చి చీపురు చేతికిచ్చాను, గుర్తుందా? మీకు కోపం వచ్చింది. అది అప్పటికే ఉన్న రూలు, నేను కొత్తగా పెట్టింది కాదు.

నీళ్లు ఎందుకు లేవని అడుగుతారు, మీకు చెబితే అర్థమవుతుంది. మా ఊరికి నీళ్లు ఎక్కువగా మూడు దూరాల నుంచి వస్తాయి. ఒకటి సియెర్రా కొండల అవతల ఓవెన్స్ లోయ నుంచి, 1913లో తవ్విన కాలువ. రెండోది రాష్ట్రం ఉత్తరం నుంచి వచ్చే పెద్ద కాలువ. మూడోది కొలరాడో నది. మూడూ ఒకేసారి తగ్గాయి. ఈ జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలు ఇక్కడ రికార్డుల్లోనే అన్నిటికంటే పొడిగా గడిచాయి. ఏప్రిల్ 1న కొండల మీద మంచు కొలిస్తే మామూలులో 38 శాతం ఉంది. ఇక్కడ మంచే రిజర్వాయరు నాన్నా, ఎండాకాలమంతా అది కరిగి రావాలి. ఉత్తరం కాలువ నుంచి అడిగినదాంట్లో 5 శాతమే ఇస్తామన్నారు. కొలరాడో మీద ఉన్న లేక్ మీడ్ రిజర్వాయరు జులైలో 1937 తర్వాత ఎప్పుడూ లేనంత అడుగుకు పోయింది.

ఉత్తరం కాలువ మీదే ఎక్కువగా బతికే ప్రాంతాల్లో 60 లక్షల మంది ఉన్నారు. వాళ్లలో చాలామందికి వారానికి ఒక్కరోజే తడి. మాకు రెండు రోజులు దొరకడమే నయం. పక్క ఊరు గ్లెండేల్‌లో ఉంటుందే, అమ్మకు మందులు తెచ్చిచ్చిన అమ్మాయి, దానికి 6వ తేదీ నుంచి ఆ మాత్రం అవకాశం కూడా లేదు. కొలరాడో నీళ్లు తెచ్చే పెద్ద పైపు లీకవుతుంటే రిపేరుకు ఆపేశారు. 20వ తేదీ దాకా, పదిహేను రోజులు, బర్బ్యాంక్, గ్లెండేల్, పాసడీనా, లాంగ్ బీచ్ ఇంకా ఎన్నో ఊళ్లలో కలిపి 40 లక్షల మందికి పైగా బయట నీళ్లు పెట్టడం ఆపమన్నారు. అదీ ఈ వేడిలో. ఆ అమ్మాయి బకెట్‌తో స్నానాల గది నుంచి గులాబీలకు మోస్తోంది. ఫోన్ చేస్తే రొప్పుతూ మాట్లాడింది.

మీరు ఇరవై ఏళ్లు కాలువల మీద తిరిగారు. చివరి ఆయకట్టుకు నీళ్లు అందక రైతులు రాత్రి మన ఇంటి ముందుకు వచ్చి కూర్చునేవాళ్లు. అప్పుడు మీరు వంతుల వారీగా నీళ్లిచ్చే వారబందీ పెట్టి, పైన తూములు మూయించి, కాలువ లస్కర్లతో కాపలా పెట్టించారు. పై ఊరి పెద్దలు మిమ్మల్ని ఎన్ని మాటలన్నా తూము తెరవలేదు. అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఇదీ అదే వారబందీ నాన్నా. ఇక్కడ తూము మా ముందు గడ్డి దగ్గర ఉంది. మూసేశాం. మీ కూతురు మూసిందని మీరే అందరికంటే ముందు సంతోషిస్తారనుకున్నాను. అందుకే ఆ మాట కష్టంగా అనిపించింది.

పక్కింటి లాన్ పచ్చగా ఉందన్నారు. అది ప్లాస్టిక్ గడ్డి. మధ్యాహ్నం దాని మీద పాప కాలు పెట్టలేకపోయింది, అంత కాలుతుంది.

మాది బెర్ముడా గడ్డి. అంటే గరికే, మన గట్ల మీద ఉండే అదే మొక్క. పైన ఎండి గోధుమ రంగుకు వస్తుంది కానీ కింద వేరు నిద్రపోతుంది, చావదు. నవంబరులో నాలుగు వానలు పడి మళ్లీ వేడి తగిలితే లేస్తుంది. పొలంలో గరికను చంపలేక మీరు ఎన్ని తిప్పలు పడ్డారో నాకు తెలుసు. మా దానికీ అదే ప్రాణం. వీధి చివరి ఇంట్లో ఫెస్క్యూ రకం వేశారు. అది మాత్రం బెట్టను అంతగా తట్టుకోలేదు, పోతే మళ్లీ విత్తుకోవాల్సిందే.

చెట్లు అలా కాదు. గడ్డి పోతే ఆరు నెలల్లో తెచ్చుకోవచ్చు, చెట్టు పోతే పాప పెద్దదయ్యేదాకా నీడ ఉండదు. అందుకే మా వంతు నీళ్లలో ఎక్కువ భాగం వాటికే. పైపు చివర నొక్కితేనే వచ్చే నాజిల్ ఉంటే, 9 లోపు గానీ 4 తర్వాత గానీ చేత్తో ఏ రోజైనా పోయనిస్తారు. మీరు రోజూ కాస్త కాస్త పోయమంటారు కదా, అది మాత్రం చేయడం లేదు, కోప్పడకండి. రోజూ కాస్త పోస్తే వేళ్లు పైపైనే తిరుగుతాయి. ఒక ఎండ కొట్టగానే చెట్టు వాడిపోతుంది. నిదానంగా, లోతుగా, రోజులు ఎడం ఇచ్చి పోస్తున్నాం.

నారింజకు పాదు మొదలు దగ్గర కాకుండా కొమ్మల అంచు కిందికి తీశాను. పీల్చే వేళ్లు ఎక్కువగా అటే ఉంటాయి. పాదులో మూడు, నాలుగు అంగుళాల మందాన చెక్క పొట్టు పరిచాను, మొదలుకు మాత్రం తగలకుండా. చెయ్యి పెడితే పైన వేడిగా ఉంటుంది, రెండంగుళాలు జరిపితే కింద మట్టి చల్లగా, నల్లగా, వేలికి అంటుకునేలా ఉంటుంది. మట్టిలో తడి ఎంత ఉందో చూడటానికి మీ అల్లుడిగారి పొడుగు స్క్రూడ్రైవర్ వాడుతున్నాను. తడి ఉన్నంత లోతు మెత్తగా దిగుతుంది, పొడి తగలగానే ఆగిపోతుంది. మాది బంకమట్టి, 8 నిమిషాలు ఒక్కసారే పెడితే తాగలేక రోడ్డు వైపు పారుతుంది. అందుకని టైమర్‌లో నాలుగు నిమిషాలు, గంట ఆగి ఇంకో నాలుగు నిమిషాలు పెట్టాం. ఇప్పుడు ఒక్క చుక్క కూడా బయటికి పోవడం లేదు.

మీరు నాటిన దానిమ్మకు కాయలున్నాయి. ఫొటోలో ఎడమ పక్కన ఆకుల వెనక ఉన్నది అదే, మీరు గడ్డే చూశారు, దాన్ని చూడలేదు. బాగా ఎండబెట్టి ఒక్కసారి నీళ్లు పెడితే కాయ పగులుతుందని మీరే చెప్పారు. అందుకే దానికి తడి తప్పనివ్వడం లేదు. కరివేపాకు కుండీలో ఉంది కాబట్టి తొందరగా ఆరుతుంది. స్నానానికి వేడినీళ్లు వచ్చేదాకా పారిపోయే చల్లటి నీళ్లు బకెట్‌లో పట్టి దానికి పోస్తున్నాం. పాపే మగ్గుతో పోస్తుంది, అది దాని డ్యూటీ.

అమ్మకు మోకాలు ఎలా ఉంది? మెట్లు ఎక్కొద్దని చెప్పండి, నా మాట వినదు. ఫిజియోథెరపీ మధ్యలో మానేసిందని పిన్ని చెప్పింది. డబ్బు గురించి ఆలోచించి మానేసి ఉంటే నాకు చెప్పాలి కదా నాన్నా.

శుక్రవారం "కే" అనే తుఫాను తోక తగిలి నిన్నటి దాకా చినుకులు పడ్డాయి. పొట్టు పైన తడిసింది, కింద ఏమీ దిగలేదు. అయినా 48 గంటల రూలు వల్ల ఇవాళ మా ఆదివారం వంతు పోయింది. గురువారం దాకా స్ప్రింక్లర్లు లేవు. చెట్లకు రేపు సాయంత్రం చేత్తో పోస్తాను.

ఇంకో విషయం, దీనికి మీ సాయం కావాలి. ముందు గడ్డిలో సగం తీసేద్దామనుకుంటున్నాం. గడ్డి తీసి తక్కువ నీళ్ల మొక్కలు పెట్టేవాళ్లకు చదరపు అడుగుకు ఇంత అని డబ్బు వెనక్కి ఇస్తారు. కానీ ముందు ఫొటోలు, ప్లాను పంపి అనుమతి తెచ్చుకున్నాకే పార పెట్టాలి. చలి వానలకు ముందు నాటితే వేళ్లు దిగుతాయి. ఇక్కడి కొండల మీద పుట్టిన సేజ్, పాపీ లాంటివి పెడదామని చూస్తున్నాను, ఎండాకాలం అలవాటైన మొక్కలు అవి. పైకప్పు నుంచి పడే వాన నీళ్లు రోడ్డుకు పోకుండా మధ్యలో చిన్న గుంటలోకి మళ్లించాలి.

ఆ గుంట ఎక్కడ, ఎంత లోతు, వాలు ఎటు ఇవ్వాలి, ఎక్కువైన నీళ్లు ఎటు పోవాలి, ఇవి నాకు తెలియవు, మీకు తెలుసు. కొలతలన్నీ వెనక కాగితం మీద వేశాను. ఇంటి గోడ నుంచి రోడ్డు వరకు భూమి ఒక అడుగు దిగుతుంది. దానిమ్మను కదపకుండా గీయండి. గీసి ఫొటో తీసి పంపండి, బంటిగాడిని అడిగితే పంపుతాడు. నెలాఖరుకు దరఖాస్తు పెట్టాలి, అంతలోపు రావాలి.

మీ,
చిట్టి