బావగారి లివర్ రిపోర్టు గురించి

అక్కా,

హెపటైటిస్ సి వైరస్ ఉండి, డయాలసిస్ కూడా చేయించుకుంటున్న బావగారి రిపోర్టు వాట్సాప్‌లో పంపావు, చూశాను. లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ రెండూ నార్మల్ వచ్చాయి, ఇక లివర్‌కి ఢోకా లేదన్నావు. బర్మింగ్‌హామ్‌లో రోజూ డయాలసిస్ పేషెంట్ల మధ్యే ఉంటాను కాబట్టి చెబుతున్నా, ఆ ఒక్క మాట పట్టుకుని ఊరుకోవద్దు.

డయాలసిస్ చేయించుకునేవాళ్లలో ఈ ఎంజైములు మామూలుగానే తక్కువ చూపిస్తాయి. బి6 విటమిన్ తగ్గిపోవడం, ఒంట్లో నీరు చేరి రక్తం పలచబడటం వల్ల అలా అవుతుందంటారు. హెపటైటిస్ సి లోపల లివర్‌ని గట్టిపరుస్తున్నా కాగితం మీద అంకె బాగానే ఉంటుంది.

సూదితో లివర్ ముక్క తీసి చూసే బయాప్సీకి నువ్వు భయపడటంలో తప్పులేదు. కిడ్నీలు పాడైతే రక్తం ఆపే ప్లేట్‌లెట్లు సరిగా పనిచెయ్యవు, పైగా డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. సూది గుచ్చితే రక్తం త్వరగా ఆగకపోవచ్చు. అందుకే ముందు రక్తపరీక్షల లెక్కలు చూస్తాం. లివర్‌లో మచ్చలు ఎంత ముదిరాయో అంచనా వేసే ఫిబ్-4 అని ఒకటుంది, బావగారికి నేనే వేశాను. వయసు 58ని ఎస్‌జీఓటీ 24తో గుణిస్తే 1392. ప్లేట్‌లెట్లు లక్షా ఇరవై వేలు, అంటే లెక్కలో 120. ఎస్‌జీపీటీ 16కి వర్గమూలం 4. ఈ రెండూ గుణిస్తే 480. 1392ని 480తో భాగిస్తే 2.9. ఇది 1.45 కంటే తక్కువుంటే ముదిరిన మచ్చలు దాదాపు లేనట్టే, 3.25 దాటితే గట్టిగా అనుమానించాలి. బావగారు మధ్యలో ఉన్నారు. కానీ ఆ హద్దులు డయాలసిస్ పేషెంట్లను చూసి పెట్టినవి కావు. ఎంజైములు తక్కువ చూపించే మనిషిలో అసలు పరిస్థితి ఇంకాస్త ఎక్కువే ఉండొచ్చు. నాకు టెన్షన్ పెట్టింది మాత్రం ఆ ప్లేట్‌లెట్లే. నార్మల్ లక్షన్నర పైన ఉండాలి, లివర్ ముదిరి గట్టిపడితే అవి తగ్గుతాయి.

లివర్ ఎంత గట్టిపడిందో పైనుంచే కొలిచే ఫిబ్రోస్కాన్ అడుగు. సూది ఉండదు, నొప్పీ ఉండదు. డయాలసిస్ అయ్యాక, మూడు గంటలు ఏమీ తినకుండా చేయించండి. ఒంట్లో నీరుంటే లివర్ ఉన్నదానికంటే గట్టిగా కనిపిస్తుంది.

మందు గురించి దిగులు వద్దు. సోఫోస్‌బువిర్, వెల్పటాస్‌విర్ కలిసిన మాత్ర డయాలసిస్‌లో ఉన్నా ఇస్తున్నారు, ఎక్కువమందికి 12 వారాలు. వైరస్ పోయినా, లివర్ మచ్చలతో బాగా గట్టిపడిన సిరోసిస్ ఉంటే మాత్రం క్యాన్సర్ రాలేదని చూడటానికి ఆరు నెలలకోసారి స్కాన్ తప్పదు. కిడ్నీ మార్పిడికి వెళ్లాలన్నా లివర్ సంగతి ముందే తేలాలి.

పాత రిపోర్టులు తేదీల వరుసలో పెట్టుకుని వెళ్లు. ప్లేట్‌లెట్లు తగ్గుతూ వస్తున్నాయా అని డాక్టరు గారిని నిలబెట్టి అడుగు. ఏమన్నారో ఆ రాత్రే ఫోన్ చెయ్యి, డ్యూటీలో ఉన్నా ఎత్తుతాను.

నీ తమ్ముడు