బూజు దులిపేటప్పుడు ఆ తెల్లటి గూటిని వదిలేయండి

సంపాదకులకు నమస్కారం.

పండుగల ముందు ఇల్లు దులిపి సున్నాలు, రంగులు వేయించడం మనకు ఎప్పటినుంచో ఉన్న అలవాటే. అయితే ఆ పనిలో బూజుతోపాటు దూకే సాలీడు గుడ్లు పెట్టుకున్న గూళ్లు కూడా చీపురు పాలవుతున్నాయి. ఈ సాలీడు వల కట్టి కాచుకుని కూర్చోదు; గోడల మీద తిరుగుతూ, ముందున్న రెండు పెద్ద కళ్లతో ఈగనో దోమనో గురిచూసి, ఒక్క దూకుతో పట్టుకుంటుంది. ఇంటికి బూజు పట్టించేది ఇది కానే కాదు. కిటికీ చెక్క సందులోనో, గోడ బీటలోనో, క్యాలెండర్ వెనకనో తెల్లటి దట్టమైన పొర ఒకటి అంటుకుని ఉంటే, చేయి వేసే ముందు ఒకసారి పరికించి చూడాలి.

తల్లి సాలీడు మొదట దారంతో ఒక పొర పరిచి, దాని మీద గుడ్లు పెట్టి, పైన మరో పొర కప్పుతుంది. అప్పటిదాకా ఉబ్బి ఉన్న పొట్ట గుడ్లు పెట్టగానే ముడుచుకుపోతుంది; అయినా అది వేట చాలావరకు మానుకుని గూటినే అంటిపెట్టుకుని ఉంటుంది. పొర అంచున పుల్ల ఆనిస్తే పారిపోకుండా అటు తిరిగి, ముందుకాళ్లు ఎత్తి నిలబడే తల్లులు ఉంటాయి. గుడ్లు పగిలినా పిల్లలు వెంటనే బయటికి రావు, తొలి కుబుసం లోపలే విడుస్తాయి.

చైనాలోని యునాన్‌లో చీమను పోలి ఉండే టాక్సియస్ మాగ్నస్ అనే దూకే సాలీడు, గుడ్లు పెట్టే రంధ్రం నుంచే పాలవంటి ద్రవం స్రవించి పిల్లలను సాకుతుందని 2018లో అక్కడి శాస్త్రవేత్తలు ‘సైన్స్’ పత్రికలో వెల్లడించారు. ఆ ద్రవంలో మాంసకృత్తులు ఆవుపాలలోకన్నా సుమారు నాలుగు రెట్లు ఎక్కువ. మొదటి 20 రోజులూ పిల్లలకు అదే ఆహారం. ఈ కుటుంబంలోని ఆరువేలకు పైగా జాతులన్నీ ఇలా చేస్తాయని కాదు గాని, గుడ్లు పెట్టి తన దారిన పోయే పురుగుగా దీన్ని చూడడం మాత్రం అన్యాయం.

మనుషులకు హాని చేయని ఈ జీవి కోసం ఆ మూలను కొన్ని వారాలు వదిలేయమనీ, గూడు ఖాళీ అయ్యాక శుభ్రం చేసుకోమనీ తోటి పాఠకులను కోరుతున్నాను. గుర్తుపట్టడానికి వీలుగా సంక్రాంతికి ముందే మీ పత్రికలో ఈ గూటి ఫొటో ఒకటి ప్రచురించవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, కాకినాడ