మా ముత్తాతగారి దినచర్యలోని మనుషులను గుర్తుపట్టి చెప్పిన పెద్దలకు కృతజ్ఞతలు

మా ముత్తాతగారు విశ్వావసు నామ సంవత్సరం మొదలు రౌద్రి వరకు, అంటే 1905 నుంచి 1920 దాకా, రాసుకున్న దినచర్య పుస్తకాలలో ఎవరో తెలియక నేను నాలుగేళ్లుగా పక్కన పెట్టుకున్న మనుషులలో ముఖ్యులైన నలుగురి ఆచూకీ ఈ ఏడాది దొరికింది. ఆ ఆచూకీ చెప్పిన పెద్దలందరికీ చేతులు జోడించి నమస్కరిస్తూ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. తమ పేర్లు వేయవద్దని వారిలో చాలామంది కోరారు కనుక ఎవరి పేరూ రాయడం లేదు.

ముత్తాతగారు హరికథలు, నాటకాలు రాసినవారు. కోనసీమలో ఉంటూ రాజమండ్రికి తరచు రాకపోకలు సాగించారు. ఆయన పుస్తకాలలో పెద్దవారిని గుర్తించడం కష్టం కాలేదు. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రిలో ఉపన్యసించినప్పుడు, చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు ఆ ఉపన్యాసాలను తెలుగు చేసి వినిపించినప్పుడు ఆయన ఆ సభలలో ఉన్నారు. ఆ సభల సంగతి ఎన్నో పుస్తకాలలో ఉంది. ఆ రోజు ఆయన ఎవరి పడవలో వెళ్లారు, ఎవరింట భోంచేశారు, ఎవరు డబ్బు సర్దారు అన్నది మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు. నాకు కావలసింది ఆ మనుషులే.

మొదటివాడు నాయుడు. పేరు లేదు, ఊరు లేదు, ఆ ఒక్క మాటే వందసార్లకు పైగా వస్తుంది. ఎవరో స్నేహితుడనీ, నాటక సమాజంలో మనిషనీ అనుకుంటూ వచ్చాను. తండ్రి బొబ్బర్లంక లాకుల దగ్గర లస్కరుగా, అంటే కాలువ లాకుల పనివాడిగా, పనిచేసిన ఒక పెద్దాయనకు ఆ పుటలు చదివి వినిపిస్తే, ఆయన కాసేపు ఆలోచించి, నాయుడు ఏ నెలల్లో కనిపించడో చూడమన్నారు. ఇంటికి వచ్చి లెక్క చూశాను. ఏటా చైత్రం చివర నాయుడి ప్రస్తావన ఆగిపోతుంది, జ్యేష్ఠం వచ్చాక మళ్లీ మొదలవుతుంది. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు, పడవలు నడవవు. నాయుడు కాలువ మీద పడవ నడిపిన మనిషి. ఆ తరవాత ఆ పెద్దాయనే నన్ను వెంటబెట్టుకుని నాయుడిగారి మనుమల ఇంటికి తీసుకువెళ్లారు. పడవకు ఇచ్చిన లైసెన్సు కాగితం ఇంకా వారి ట్రంకు పెట్టెలో ఉంది. మడతల దగ్గర చిరిగిపోతే వెనక గుడ్డ అంటించి దాచారు.

రెండో చిక్కు దత్తత వల్ల వచ్చింది. పుస్తకాలలో 1909 దాకా ఒక బావగారు ఒక ఇంటిపేరుతో కనబడి ఆగిపోతారు. ఆ మరుసటేడు నుంచి వేరే ఇంటిపేరుగల మరొక బావగారు వస్తారు. ఇద్దరనుకుని రెండు వేర్వేరు కాగితాల మీద వివరాలు రాసుకున్నాను. రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తాగా చేసి విరమించిన ఒకరు ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఇద్దరూ ఒకరే కావచ్చు, దత్తత దస్తావేజు వెతకమన్నారు. నేను గోదావరి జిల్లా కాగితాలలో వెతికి నిరాశపడ్డాను. ఆయనే మళ్లీ దారి చూపారు. 1904లో నరసాపురం తాలూకాను, ఒక్క నగరం లంక తప్ప, కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడేదాకా అది అక్కడే ఉంది. బావగారు దత్తత వెళ్లిన ఊరు ఆ తాలూకాలోది. కృష్ణా జిల్లా కాగితాలలో దస్తావేజు దొరికింది.

పంతులుగారి విషయం చిన్నదే. రాజమండ్రిలో పంతులుగారంటే కందుకూరి వీరేశలింగం పంతులుగారే అని నేను అన్నిచోట్లా అలాగే రాసుకున్నాను. వీరేశలింగంగారు 1919 మే 27న పరమపదించారు, ఆ తరవాతి పుటలలో కూడా పంతులుగారు మీ ఇంటికి వచ్చి కూర్చుంటున్నారు, సరిచూడండి అని ఒక ఉపాధ్యాయిని గుర్తుచేశారు. ఆ పంతులుగారు మా ఊరి బడిపంతులు. ఆ పొరపాటు అచ్చులోకి వెళ్లకుండా ఆపినందుకు ఆమెకు ప్రత్యేకంగా రుణపడి ఉన్నాను.

అన్నిటికన్నా నా మనసును పట్టినది సోమిదేవమ్మగారి సంగతి. ముత్తాతగారి తొలి హరికథ అచ్చుకు కాగితం కొనడానికి పది రూపాయలిచ్చింది ఆవిడే. సోమిదేవమ్మ అన్నది పేరు కాదు, సోమయాగం చేసిన సోమయాజిగారి భార్యను అలా పిలుస్తారు. కోనసీమ అగ్రహారాలలో అలాంటి ఇళ్లు ఒకటి రెండు కావు. ఆవిడ పోయిన తిథి మాత్రం పుస్తకంలో ఉంది. పుష్య బహుళ తదియ అని చదువుకుని, ఆ తిథికి ఏ సోమయాజులుగారి ఇంట ఆబ్దికం పెడుతున్నారో తెలిసినవారినల్లా అడిగాను. ఎక్కడా కలవలేదు. చివరికి ముక్కామల దగ్గర ఒక ఇంటివారు, మా ఇంట సోమిదేవమ్మగారి తద్దినం విదియనాడు కదా అన్నారు. వారింట్లో భూతద్దం తెచ్చి ఆ పుట చూశాం. ముత్తాతగారు తెలుగు అంకెలు వేసేవారు. అదే పుటలో కింద బియ్యం లెక్కలో ఆయన వేసిన ౩ తోక కిందికి బాగా దిగి ఉంది, తిథి దగ్గరి అంకెకు ఆ తోక లేదు. అది ౨. నూరేళ్లకు పైగా ఆ ఇంట తప్పకుండా జరుగుతున్న తద్దినం, నేను తప్పు చదివిన అంకెను దిద్దింది.

ఆ ఇంటి పెద్ద కోడలుగారు ఆ పుటను చాలాసేపు చూసి, మా అత్తగారి అత్తగారికి అత్తగారు ఈవిడ, ఈవిడ ఎవరికి ఏం ఇచ్చారో మాకు ఇన్నాళ్లూ తెలియదు అన్నారు. పది రూపాయలిచ్చిన రోజు పుటా, ఆవిడ పోయిన రోజు పుటా నకళ్లు తీయించి పెట్టాను. వచ్చే పుష్య బహుళ విదియనాటికి రమ్మని నన్ను పిలిచారు. ఆ రెండు పుటలతోపాటు, ఆవిడ డబ్బుతో అచ్చయిన హరికథ ప్రతి ఒకటి వారికి అందజేసి వస్తాను.